శరత్సాయంకాలమున ఇందూరు నడక



గత సంవత్సరము కార్తికమాసమున తొమ్మిదవ తరగతివారికి జపాను దేశపు భూగోళము బోధించుచు, క్యోటో నగరమునందలి ఒక వీథి చిత్రమును చూపితిని. రాతిమెట్ల వీథి, ఇరువైపుల కొయ్యయిండ్లు, గుమ్మములయొద్ద కాగితపు దీపములు, వెనుక ఐదంతస్తుల గోపురము, దానిచుట్టును ఎఱ్ఱబారిన ఆకులు. పిల్లలు చాలసేపు దానినే చూచిరి. పిమ్మట ఒక బాలుడు లేచి, “అయ్యా, చూడదగిన ఊరనగా అదిగదా! మన ఊర నేమున్నది? బస్సుస్టాండు, గంజు, రైలుస్టేషను. అంతేగదా!” అనెను. తరగతి యంతయు నవ్వినది.

నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ బాలుని తాత తండ్రులందరును ఈ ఊరనే పుట్టి పెరిగినవారు. తన ఊర నేమియు లేదని నమ్మినవాడు, రేపు ఉన్నది కూలిపోవునప్పుడు చూచి బాధపడడు. లేనిదానికొఱకు ఎవరు బాధపడుదురు? కావున ఆ బాలునికి మాటలతో బదులు చెప్పక, ఆ శనివారము సాయంకాలము కొందరు పిల్లలను వెంటబెట్టుకొని నడక సాగించితిని. ఆ నడకయే నేటి పాఠము.

క్యోటోవారి సాయంకాలము

మొదట చిత్రములోని ఊరిని గురించి కొంత తెలిసికొందము. క్యోటో 794వ సంవత్సరమున జపానుకు రాజధాని యయ్యెను. వేయి సంవత్సరములకు పైగా చక్రవర్తులు అచ్చటనే యుండిరి. నగరమునకు తూర్పున కొండల యంచున కియోమిజు అను దేవాలయము కలదు. అది 778లో స్థాపింపబడినదని వారి సంప్రదాయము. నేడు కనబడు ప్రధానమందిరము 1633లో తిరిగి కట్టినది. దాని ముందరి కొయ్యవేదిక కొండవాలుపై సుమారు 13 మీటర్ల యెత్తున నిలిచియున్నది. కొయ్యలో కొయ్యను దూర్చి బిగించిరేగాని, ఆ స్తంభముల కూర్పునకు మేకులు వాడలేదు. అక్కడినుండి దిగు సన్నెన్‌జాక, నినెన్‌జాక అను మెట్లవీథులును, 1440లో తిరిగి కట్టిన యసాకా గోపురమును, 1606లో హిదేయోషి భార్య తన భర్త స్మృత్యర్థము స్థాపించిన కోదాయిజి ఆలయమును ఒక సాయంకాలములో నడచి చూడవచ్చును. నవంబరు మాసమున కొన్ని ఆలయములను రాత్రియందును తెఱచి, చెట్లకు దీపకాంతి చూపుదురు. కోదాయిజి కొలనులో ఎఱ్ఱని ఆకుల ప్రతిబింబమును చూచుటకై జనులు బారులు తీరి నిలుతురు.

ఆ ఆకులు ఎఱ్ఱబడుటకు కారణమేమి? చలికాలము రానున్నదని చెట్టు తన ఆకులలోని పచ్చని పదార్థమును విఱిచి, దానియందలి సారమును కొమ్మలలోనికి తీసికొనును. అప్పుడు అంతవరకు మఱుగుననున్న పసుపువన్నె బయటపడును. మేపుల్ వంటి చెట్లలో, ఆకున మిగిలిన చక్కెరనుండి ఎఱ్ఱని వర్ణము క్రొత్తగా పుట్టును. పగలు ఎండయు రాత్రి చలియు నున్నచో ఆ ఎఱుపు మఱింత గాఢమగును.

మన దేశమున అట్లు జరుగదు. మన అడవులలో ఆకు రాల్చునది చలి కాదు, నీటికఱవు. కావున మన టేకును మోదుగయు శరత్తునందు కాక, శిశిరమున ఆకులు రాల్చును. అట్లని మనకు శరత్తే లేదా? మంజీర యిసుకతిన్నెలపై తెల్లని రెల్లుపూలు చూడుడు. బీళ్లలో తంగేడు, చేల గట్లపై గునుగు, పెరళ్లలో బంతి చూడుడు. వీనినే మన ఆడపడుచులు పళ్లెరములలో పేర్చి తొమ్మిదినాళ్లు బతుకమ్మ ఆడుదురు. జపానువారు శరత్తున ఆకులను చూడబోవుదురు. మనవారు పూలను తెచ్చి, పేర్చి, పాడి, చెఱువులో విడుతురు. ఋతువును గౌరవించు తీరు వేఱు, గౌరవము ఒక్కటే.

ఊరి పేరు

నాలుగు గంటలకు బడినుండి బయలుదేరితిమి. మొదట రైలుస్టేషను చేరి పలకపై నున్న పేరు చదువుమంటిని. “నిజామాబాదు” అని చదివిరి. ఈ పేరు పాతది కాదు. ఊరి పాతపేరు ఇందూరు. పూర్వము ఇంద్రదత్తుడను రాజు పేర ఏర్పడినదని చెప్పుదురు. హైదరాబాదునుండి మన్మాడునకు రైలుదారి వచ్చిన కాలమున, అనగా ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో, నిజాము పేర స్టేషను వెలసి, ఆ పేరే ఊరికిని జిల్లాకును స్థిరపడెను. అయినను చుట్టుపట్ల పల్లెలలోని ముసలివారు నేటికిని “ఇందూరు పోయివచ్చితిమి” అందురు. ఒక ఊరికి రెండు పేర్లుండుట అవమానము కాదు. ఒకటి ప్రయాణికులు పిలిచిన పేరు, రెండవది ఇంటివారు పిలిచిన పేరు.

అచ్చటినుండి పాతబజారు సందులలో నడచితిమి. ఇచ్చట నేను పిల్లలకు ఒక నియమము పెట్టితిని: దుకాణముల పలకలను చూడరాదు, తల యెత్తి మొదటి అంతస్తు పైభాగమునే చూడవలెను. అప్పుడు వారికి, తాము నిత్యము నడచు సందులోనే, ఎన్నడును చూడనివి కనబడినవి. చెక్కిన టేకుదూలములు, గూనపెంకు కప్పులు, డంగుసున్నపు గోడలు, సన్నని కొయ్యకటకటాలు. ఒక పాతభవంతి యరుగుపై కూర్చున్న వృద్ధురాలు మమ్ము పిలిచి, “ఏం చూస్తున్నరు బిడ్డా?” అని యడిగెను. ఇల్లు చూచుచున్నామంటిమి. ఆమె ఆశ్చర్యపడి, లోపలికి రమ్మని, నడుమ ఆకాశము కనబడు వాకిలిని, గచ్చును, ధాన్యపు గదిని చూపెను. “మా పిల్లగాండ్లు దీన్ని గూలగొట్టి సిమెంటుది గట్టాలంటున్నరు. గట్టనీ. కని మీరు చూసిండ్రు గద, అది చాలు” అనెను. ఆ మాట విని పిల్లలు మౌనము వహించిరి.

ఖిల్లా

సూర్యాస్తమయమునకు ముందే ఖిల్లా కొండ యెక్కితిమి. ఊరికి నైరృతిమూలనున్న ఈ కోట రాష్ట్రకూటుల కాలమునాటిదని చెప్పుదురు. పిమ్మట ఇది ఢిల్లీ సుల్తానులకును, బహమనీలకును, కుతుబుషాహీలకును, తుదకు ఆసఫ్‌జాహీలకును చేతులు మాఱినది. నేడు కనబడు గుండ్రని పెద్దబురుజులు ఆ తరువాతి కాలపు పోకడవి. కోటలో రఘునాథాలయము కలదు. జనులు పెద్దరామాలయ మందురు. దాని స్థాపనను 1608 నుండి 1681 వరకు జీవించిన సమర్థ రామదాసులకు ముడిపెట్టి చెప్పుకొందురు. కొండప్రక్కన రఘునాథ చెఱువు. కోటకు చెఱువు తోడుండుట మన దేశపు తెలివి. నీరులేని కోట శత్రువు రాకమునుపే ఓడిపోవును.

మేము సాయంకాలమునే ఏల యెక్కితిమో మీకు తెలియవలెను. మధ్యాహ్నమున ఎండ నడినెత్తిన నుండును. రాతిపై చెక్కడములు చదునుగా కనబడును. ప్రొద్దు వాలినప్పుడు వెలుగు ప్రక్కనుండి పడును. రాతియందలి ప్రతి గాటునకును నీడ యేర్పడి, పగలు కనబడని ఉలిదెబ్బలు కూడ తేటపడును. చెక్కడము చూడగోరువారు ఉదయముగాని సాయంకాలముగాని చూడవలెను. ఆ వెలుగులో పిల్లలు గోడరాళ్ల అతుకులను, సున్నపు పూతను, తరువాతివారు చేసిన మరమ్మతులను వేఱువేఱుగా గుర్తించిరి.

ఈ కోటకు మఱియొక చరిత్ర కలదు. నిజాము పాలనలో ఇది కారాగారముగా నుండెను. హైదరాబాదు సంస్థానమున ప్రజోద్యమము ఉధృతముగా నున్న 1948 ప్రాంతమున కవి దాశరథి కృష్ణమాచార్యులును, వట్టికోట ఆళ్వారుస్వామియు ఇచ్చట బందీలుగా నుండిరి. పండ్లు తోముకొనుట కిచ్చిన బొగ్గుతో దాశరథి గోడపై పద్యములు వ్రాసెనని చెప్పుదురు. కాగితము లేదు, కలము లేదు, గోడయే కాగితమయ్యెను. మఱుసటియేడే, 1949లో, ఆయన “అగ్నిధార” వెలువడెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి తెలుగు పుస్తకములను ఊరూర మోసికొనిపోయిన ఆళ్వారుస్వామి, తన చెఱసాల యనుభవములను కథలుగా వ్రాసెను. అంతకు పదునొకండేండ్లు ముందు, 1937లో, ఈ ఊరనే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను ఆరవ ఆంధ్రమహాసభ జరిగియుండెను. తెలుగువాడు తన భాషలో సభ జరుపుకొనుటయే సాహసమైన దినములవి.

“గోడపై వ్రాసినవాని పుస్తకమా మేము చదువునది?” అని ఒక బాలిక నన్నడిగెను. ఔనంటిని. ఆమె ఆ గోడను చేతితో తాకి చూచెను. తూర్పున చంద్రుడు అప్పటికే పైకి వచ్చియుండెను. పున్నమికి ఇంక రెండునాళ్లే కలదు. క్రింద ఊరిలో దీపములు ఒక్కొక్కటిగా వెలిగినవి.

కంఠేశ్వరము

కొండ దిగి, ఊరిని దాటి, కంఠేశ్వరమునందలి నీలకంఠేశ్వరాలయము చేరునప్పటికి చీకటిపడినది. ఈ గుడిని శాతవాహన రాజు రెండవ శాతకర్ణి జైనులకొఱకు కట్టించెనని జనశ్రుతి. శిఖరపు తీరు ఉత్తరదేశపు ఆలయములను తలపించును. ఇచ్చట పెద్దజాతర రథసప్తమికి జరుగును. మేము పోయినది కార్తికము. స్త్రీలు ఉసిరికాయలపై దీపములు పెట్టుచుండిరి. సంవత్సరమునకు దినములెన్నియో అన్ని వత్తులను ఒక్కటిగా కట్టి వెలిగించువారును కలరు.

అప్పుడు పటములోని దీపములను జ్ఞప్తికి తెచ్చితిని. కియోమిజు యొద్ద దీపములను ఆలయమువారు పెట్టుదురు, ప్రజలు చూతురు. ఇచ్చట దీపమును ప్రతి ఇల్లాలును తన చేతితో పెట్టును. వారి వెలుగు చూడ సొంపైనది. మన వెలుగు చేయి కాలునది. రెండును నేర్వదగినవే.

బోధను

మఱుసటి శనివారము బోధనునకు పోయితిమి. ఇందూరునుండి సుమారు ఇరువదియైదు కిలోమీటర్లు. బౌద్ధ గ్రంథములు చెప్పు పదునాఱు మహాజనపదములలో దక్షిణాపథమున నున్నది అశ్మక మొక్కటే. దాని రాజధాని పోతన, లేక పోదనము. అది మన బోధనే యని పలువురు పండితుల మతము. వేములవాడ చాళుక్యుల మూలపురుషుడగు యుద్ధమల్లుడు పోదనమున తైలపు దిగుడుబావిలో తన యేనుగులకు స్నానము చేయించెనని పంప మహాకవి తన భారతమున వర్ణించెను. జైన సంప్రదాయములో బాహుబలి నగరము పౌదనపురము. అచ్చటి బాహుబలి విగ్రహమును చూడగోరిన తల్లి కోరిక తీర్చలేక, చావుండరాయడు శ్రావణబెళగొళమున సుమారు 57 అడుగుల యెత్తుగల గోమటేశ్వరుని 981 ప్రాంతమున చెక్కించెనని కథ.

ఊరిలోని దేవల్ మసీదు పేరునందే రెండు కాలములు కలసియున్నవి. రాష్ట్రకూట రాజగు మూడవ ఇంద్రుని కాలమున అది జైనాలయముగా కట్టబడెననియు, తుగ్లకుల కాలమున మసీదుగా మాఱెననియు చరిత్రకారులు వ్రాసిరి. స్తంభములపై తీర్థంకరుల రూపములు నేటికిని కలవు. పిల్లలలో ఒకడు, “అయితే ఇది ఎవరిది?” అని ప్రశ్నించెను. “దీనిని చెడకుండ కాపాడువారిది” అని చెప్పితిని. గతమును తెలిసికొనుట వేఱు, గతముతో తగవాడుట వేఱు. చరిత్ర విద్యార్థి మొదటిదానిని చేయవలెను.

అటుపిమ్మట శక్కర్‌నగరము పోయితిమి. 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరము, నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు నేర్పున, మంజీర నీటిని ఈ నేలకు తెచ్చినది. నీరు వచ్చుటతో చెఱకు వచ్చినది. కోస్తా జిల్లాల రైతులు వలసవచ్చి “క్యాంపు”లను పేరుగల ఊళ్లు కట్టుకొనిరి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఒక కాలమున ఆసియాలో పెద్దవానిలో నొకటిగా పేరొందిన ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు యాజమాన్యముతో కూడిన సంస్థ చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. పూర్వము శరత్తు చివర చెఱకుబండ్లు బారులు తీరి, బెల్లపు వాసన మైళ్లదూరము వ్యాపించుచుండెనని పెద్దలు చెప్పుదురు. మేము పోయిననాడు ఆ వాసన లేదు. చెఱకు స్థానమున వరి పచ్చగా నుండెను.

మాతో వచ్చిన ఒక బాలుని తాత ఆ కర్మాగారమున పనిచేసినవాడు. వాడు గేటు ముందు నిలిచి, “మా తాత ఇటునుండి లోపలికి పోయేవాడట” అని మెల్లగా చెప్పెను. మొదట తరగతిలో “మన ఊర నేమున్నది” అని యడిగినవాడును వాడే. గుడి కూలినను, కోట కూలినను మనము చరిత్ర యందుము. యంత్రము ఆగినను చరిత్రయే. వేలమంది చెమట అందున్నది.

ఇరుదేశముల ముడి

క్యోటో మనకు పూర్తిగా పరాయిది కాదు. జపాను ఆలయములలో బెంజాయితెన్ అను దేవత కలదు. చేత వీణవంటి బివా అను వాద్యము ధరించి, నీటియొడ్డున నివసించును. ఆమె మన సరస్వతియే. బౌద్ధముతో చీనాకు, అచ్చటినుండి జపానుకు పోయినది. క్యోటో సమీపముననున్న బివా సరస్సులోని చికుబు ద్వీపమున ఆమె ఆలయము ప్రసిద్ధము. మన ఇందూరునకు సమీపమున, గోదావరి యొడ్డున, బాసరలో సరస్వతి కొలువైయున్నది. శరన్నవరాత్రులలో మూలానక్షత్రమున తలిదండ్రులు అచ్చట బిడ్డలకు అక్షరాభ్యాసము చేయింతురు. నీటియొడ్డున విద్యాదేవతను కొలుచు అలవాటు రెండు దేశములకును ఉమ్మడి.

జపాను అక్షరమాల చదువుడు: అ, ఇ, ఉ, ఎ, ఒ, పిమ్మట క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల వరుస అందు స్పష్టముగా వినబడును. సంస్కృత లిపి నేర్చిన బౌద్ధభిక్షువుల శాస్త్రమే దీనికి మూలము. 752లో నారా నగరమున మహాబుద్ధవిగ్రహమునకు నేత్రోన్మీలనము చేసినవాడు భారతదేశమునుండి పోయిన బోధిసేనుడు. మన నాగార్జునకొండకు పేరిచ్చిన నాగార్జునాచార్యుని జపానువారు తమ యెనిమిది శాఖలకును గురువుగా నెంతురు. క్యోటోలోని చియోనిన్ ఆలయమున సుమారు 70 టన్నుల గంటను సంవత్సరాంతమున 108 మారులు మ్రోగింతురు. ఆ సంఖ్య మనకు క్రొత్తది కాదు.

నేర్వవలసినది

ఇప్పుడు బాలుని ప్రశ్నకు బదులు చెప్పుదును. క్యోటో అందముగా నుండుటకు కారణము, అది ఎన్నడును చెడకుండుట కాదు. 1467 నుండి 1477 వరకు జరిగిన ఓనిన్ యుద్ధమున నగరము చాలవఱకు కాలిపోయెను. కియోమిజు పలుమారులు దగ్ధమై తిరిగి లేచెను; దాని కప్పుపై చెట్టుబెరడును 2020 నాటికి మఱల క్రొత్తగా పఱచిరి. మెట్లవీథులను 1976లో చట్టముచే రక్షిత ప్రాంతముగా నిర్ణయించిరి. 2007లో నగరమంతట భవనముల యెత్తును తగ్గించి, మిద్దెలపై ప్రకటనపలకలను నిషేధించిరి. తమ వీథికొఱకు తమ లాభమును కొంత వదలుకొనుటకు అచ్చటివారు ఒప్పుకొనిరి. మితిమీరిన యాత్రికులవలన బాధకలిగి, 2024లో గియోన్ పేటలోని ప్రైవేటు సందులలోనికి యాత్రికులు పోరాదని కట్టడిచేసిరి. ఊరు చూడబోవువాడు ఊరివారి గడపను గౌరవించవలెనని ఇందలి నీతి.

కావున ప్రాచీనత యనగా చెడకుండుట కాదు. చెడినప్పుడెల్ల మఱల నిలుపుట. నిలుపవలెనన్న మొదట ఎఱుగవలెను. ఎఱుగవలెనన్న నడవవలెను. వేగమున పోవు బండిపైనుండి ఊరు కనబడదు.

ఆ బాలుడు మఱుసటివారము తన తాతనడిగి, కర్మాగారములో ఆయన చేసిన పనినిగూర్చి రెండు పుటలు వ్రాసి తెచ్చెను. అక్షరదోషములు పదునాలుగు దిద్దితిని. విషయమున దిద్దవలసినది ఒక్కటియు లేదు. మీలో ప్రతియొక్కరును అట్టి రెండు పుటలు వ్రాసినచో, ఇందూరు చరిత్రకు పుస్తకము మనబడినుండియే వెలువడును.

అభ్యాసము

1. మీ వీథిలో మిక్కిలి పాతయింటిని గుర్తించి, దాని గోడ, కప్పు, దర్వాజా దేనితో చేయబడినవో వ్రాయుడు. ఇంటివారి అనుమతి లేనిదే లోపలికి పోరాదు.

2. ఒకే చెక్కడమును మధ్యాహ్నమునను సాయంకాలమునను చూచి, రెండు చిత్రములు గీయుడు. భేదమునకు కారణము తెలుపుడు.

3. మన అడవులలో ఆకులు ఏ మాసమున రాలునో, క్యోటోలో ఏ మాసమున రాలునో వ్రాసి, కారణములను పోల్చుడు.

4. మీ యింటి పెద్దలలో ఒకరిని, “నీ చిన్ననాడు ఉండి ఇప్పుడు లేనిది ఏది?” అని యడిగి, వారి మాటలను వారు చెప్పినట్లే వ్రాసికొని రండు.